బీరు కాచిన చేతులు

రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి పట్టించి పిల్లలకి జావ కాస్తాం కదా. దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందట, ఇప్పటి ఇరాక్‌లో టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య ఊళ్లలో బార్లీ గింజలతో పని ఇలాగే మొదలయ్యేది. కాకపోతే వాళ్లు దాన్ని పులియబెట్టేవారు. అదే బీరు.

ముఖం చిట్లించకండి. వాళ్లకది రొట్టెలాగే రోజువారీ ఆహారం. పనివాళ్లకి ధాన్యంతోపాటు బీరూ కొలిచి ఇచ్చేవారు. పైన పొట్టు తేలుతుంది కాబట్టి, కుండలో పొడవాటి గొట్టాలు వేసి చుట్టూ కూర్చుని పీల్చేవారు. బీరుకి నిన్కాసి అనే దేవత కూడా ఉంది. క్రీ.పూ. 1800 ప్రాంతపు మట్టి పలకల మీద ఆమె స్తోత్రం దొరికింది. గింజ నానబెట్టడం నుంచి వడపోత దాకా తయారీ అంతా అందులోనే ఉంది!

బీరు దుకాణాలు నడిపిన ఆడవాళ్లూ చాలామందే. క్రీ.పూ. 1750 ప్రాంతంలో బాబిలోన్ రాజు హమ్మురాబి రాతిమీద చెక్కించిన చట్టాల్లో దుకాణందారుకి వాడింది స్త్రీలింగ పదమే. బీఏలో వ్యాకరణం చదువుకున్నదాన్ని, నా మనసు అక్కడే ఆగిపోయింది.

ఆ చట్టం ఏమంటుందంటే, బీరుకి ధరగా ధాన్యం ఇస్తే కాదని ఎక్కువ తూకంతో వెండి తీసుకున్నా, ధాన్యానికి తగినంత బీరు పోయకపోయినా ఆమెని నీళ్లలోకి తోసేయాలి. దుకాణంలో నేరస్థులు చేరితే పట్టి రాజభవనానికి అప్పగించాలి, లేకపోతే ఆమెకి మరణశిక్ష. తాగి కూర్చున్న మనుషుల్ని ఒంటరి ఆడది ఎలా పట్టి అప్పగిస్తుందో ఆ రాజుగారికే తెలియాలి.

అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. ఆమె ఒక బాన బీరు అరువిస్తే, కోతలప్పుడు 50 కొలతల ధాన్యం వసూలు చేసుకోవచ్చు. అంటే లెక్కాపత్రం, అప్పులివ్వడం, రాబట్టడం అన్నీ ఆమెవే. బాధ్యత పెట్టిన చట్టమే ఆమె సంపాదననీ ఒప్పుకుంది.

సుమేరు రాజుల జాబితాలో ఒకే ఒక్క స్త్రీ ఉంది. కిష్ నగరాన్ని ఏలిన కుబాబా. నూరేళ్లు ఏలిందని రాశారు, అది మనం నమ్మలేం. కానీ ఆమె పేరు పక్కన తండ్రి పేరో, భర్త పేరో రాయలేదు. బీరు దుకాణం నడిపిన మనిషి అని రాశారు.