భరమార్ తుపాకి మరమ్మత్తు: కూలి, శుభ్రత, వెట్టి – జనగామ ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

తెలంగాణ సాయుధ పోరాటం (1946–51) నేపథ్యంగా వచ్చిన నవలల్లో, ఆత్మకథల్లో, పాటల్లో తుపాకి ప్రస్తావన విరివిగా కనిపిస్తుంది. మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకి తూటా’ శీర్షికలోనే అది ఉంది. తుపాకి పేలడాన్ని పట్టించుకున్నంతగా అది చెడిపోవడాన్ని మన సాహిత్య పరిశోధన పట్టించుకోలేదు. చెడిన తుపాకిని కమ్మరి దగ్గరకు తీసుకుపోయేవాడు ముందే కడిగి తీసుకుపోవాలా, ఆ పనికి కూలి ఏమిటి అన్నవి పైకి అల్పమైన ప్రశ్నలు. తరిగొప్పుల, నర్మెట్ట, దేవరుప్పుల, పాలకుర్తి ఊళ్లున్న జనగామ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని చూస్తే ఈ రెండూ ఒకే ప్రశ్న అనీ, దాని జవాబు వెట్టితో ముడిపడి ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముందుగా పదాలు. ‘భరమార్’ హిందుస్తానీ మాట. నింపి కొట్టేది అని అర్థం. గొట్టం మూతి నుంచి మందు, గుండు కూరి పేల్చే తుపాకి అది. ‘తుపాకి’ తుర్కీ మూలం నుంచి, ‘మరమ్మత్తు’ అరబ్బీ నుంచి వచ్చాయి. బాగుచేసే చోట వినిపించే కొలిమి, సుత్తె, పటకారు, ఆకురాయి మాత్రం నాగలి కర్రును సాగగొట్టే చోట వినిపించేవే. ఆయుధం పేరు పరాయిది, దాన్ని నిలబెట్టిన పనిముట్ల పేర్లు ఊరివి.

శుభ్రత విషయం కొంత వివరంగా చూడాలి. పెట్లుప్పు, గంధకం, బొగ్గుపొడి కలిపిన తుపాకి మందు కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా ఘనరూపంలో మసిగా, లవణాలుగా మిగులుతుంది. ఆ లవణాలు గాలిలోని తేమను పీల్చుకొని ఇనుమును తినేస్తాయి. నూనె రాసినంత మాత్రాన అవి పోవు. వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తరువాతే నూనె పట్టించాలి. ఈ లెక్కన కడిగి ఇవ్వడమే యజమాని ధర్మం అనిపిస్తుంది. పనివాడి వైపు నుంచి చూస్తే వేరు. గొట్టంలో సన్నని పగులు ఉంటే దాని గుండా వచ్చిన పొగ మరక ఆ చోటు చూపిస్తుంది. పూర్తిగా తోమిన తుపాకి ఆ ఆనవాలును చెరిపేస్తుంది. అందువల్ల మసి ఉంచినా నష్టమే, తుడిచినా నష్టమే. ఒక్క పని మాత్రం వాదానికి అతీతం: లోపల మందు లేదని తేల్చుకోవడం. కూరుడు కడ్డీని గొట్టంలోకి దింపి, మూతి దగ్గర గుర్తుపెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి కొలిస్తే లోపల ఏమైనా ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. మందు ఉన్న గొట్టాన్ని కొలిమిలో పెడితే పోయేది కమ్మరి ప్రాణం.

ఇక కూలి. ఊరి కమ్మరికి వ్యవసాయ పనిముట్ల నిమిత్తం పంట కల్లం దగ్గర మేర ధాన్యం ముట్టేది. తుపాకి సేద్యపు పనిముట్టు కాదు. రైతు ఎవరైనా తెస్తే అది మేరలో చేరదు, విడిగా బేరమాడవలసిన పని. బేరం ఉన్నచోటే ‘కడిగి తెస్తే ఇంత, కడగకుండా తెస్తే ఇంత’ అనే మాటకు అర్థం ఉంటుంది. దొర తుపాకికి ఆ బేరం లేదు. కమ్మరి, వడ్రంగి వంటి చేతిపనులవారు దొరలకు ఉచితంగా పనిచేయవలసి రావడాన్ని పుచ్చలపల్లి సుందరయ్య పోరాట చరిత్ర వెట్టి రూపాల్లో ఒకటిగా నమోదు చేసింది. కూలి సున్నా అయినప్పుడు శుభ్రత ఖర్చు కూడా యజమానికి సున్నా. మురికి తుపాకి ఇవ్వడం వల్ల దొర పోగొట్టుకునేది ఏమీ లేదు. తోమే శ్రమా, పేలే ప్రమాదమూ రెండూ కొలిమి వైపే చేరతాయి. వెట్టిని ధాన్యం, గొర్రెలు, బండ్ల లెక్కల్లోనే కొలిచే మన అలవాటు ఈ రెండో పద్దును వదిలేస్తున్నదని నా అభిప్రాయం.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. ఆ తుపాకులు ఎవరి చేతుల్లో ఉన్నాయో చరిత్ర రాసింది. వాటిని పనిచేసే స్థితిలో ఉంచిన చేతులు ఎవరివి, వాటికి కూలి ముట్టిందా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. దళాలు తొలినాళ్లలో వడిసెలలతో పాటు భరమార్లపైనే ఆధారపడ్డాయి. వెట్టిని రద్దు చేస్తామన్న సంఘానికి కమ్మరి పని ఉచితంగా రావడం ఒక నైతిక చిక్కు. ఇష్టపడి చేసినదాన్ని వెట్టి అనలేం; కానీ ఆ ఇష్టాన్ని కమ్మరి నోటనే వినాలి. నాయకుల ఆత్మకథల నుంచి దాన్ని ఊహించడం సరికాదు.

1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబర్ 1న అమలులోకి వచ్చింది. దాని 5వ సెక్షన్ తయారీ, అమ్మకాలతో పాటు మరమ్మత్తుకు కూడా లైసెన్సును తప్పనిసరి చేసింది. తరిగొప్పులలో తుపాకి లైసెన్సు ఉన్నవాడైనా ఊరి కొలిమికి తీసుకుపోవడానికి వీల్లేదు. లైసెన్సు ఉన్న దుకాణాన్ని వెతుక్కోవాలి. అక్కడ తోమకానికి ఒక రుసుము, మరమ్మత్తుకు మరొక రుసుము విడివిడిగా అడగవచ్చు, రసీదు ఇవ్వవచ్చు. అలా లెక్క రాసుకునే వీలు వచ్చేసరికి ఆ పని ఊరి కమ్మరి చేతిలో లేదు. చేస్తే అది నేరం.