పాత పెట్రోలు కార్లలో జ్వలన సమయం

జ్వలన సమయం అనగా పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్ వద్ద నిప్పురవ్వ పుట్టే సమయం. పిస్టన్ పై కొనను చేరడానికి ఎంత ముందు రవ్వ పుడుతుందో క్రాంక్ షాఫ్ట్ డిగ్రీలలో చెబుతారు. ఆధునిక కార్లలో దీనిని కంప్యూటరు నిర్ణయిస్తుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లలో డిస్ట్రిబ్యూటర్‌ను చేతితో తిప్పి సరిచేయాలి. ఇక్కడ 1489 సి.సి. పెట్రోలు ఇంజను గల అంబాసిడర్‌ను ఉదాహరణగా తీసుకొనడమైనది. డీజిల్ ఇంజన్లలో స్పార్క్ ప్లగ్ ఉండదు. కనుక 1980లలో జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్ వంటి డీజిల్ వాహనాలకు ఈ విధానం వర్తించదు.

సూత్రం

సిలిండరులోని మిశ్రమం ఒక్కసారిగా మండదు. మంట వ్యాపించడానికి కొంత కాలం పడుతుంది. నిమిషానికి 600 చుట్లు తిరిగే ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ ఒక మిల్లీసెకనులో 3.6 డిగ్రీలు మాత్రమే కదులుతుంది. 3000 చుట్ల వేగంలో అదే కాలంలో 18 డిగ్రీలు కదులుతుంది. కాబట్టి వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుగా పుట్టాలి.

చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ వంటి తొలితరం కార్లలో ఇందుకోసం స్టీరింగ్ చక్రం వద్ద ఒక మీట ఉండేది. తరువాతి కార్లలో ఈ పనిని డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు, స్ప్రింగులు, వాక్యూమ్ డయాఫ్రమ్ చేపట్టాయి.

లక్షణాలు

* రవ్వ ఆలస్యమైతే: బండి లాగదు, సైలెన్సర్ గొట్టం విపరీతంగా కాలుతుంది, ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది.
* రవ్వ మరీ ముందైతే: ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమనే నాకింగ్ శబ్దం వస్తుంది, స్టార్టర్ ఎదురు తన్నుతుంది. దీర్ఘకాలంలో పిస్టన్లు దెబ్బతింటాయి.
* నెమ్మదిగా తిరిగేటప్పుడు బాగుండి వేగంలో బలం తగ్గితే: డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు ఎండిన గ్రీజుతో బిగుసుకుపోయి ఉండవచ్చు.

ముందుగా చూడవలసినవి

డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పడం చివరి పని. ముందుగా పాయింట్ల మధ్య సందును ఫీలర్ గేజితో చూడాలి. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌కు ఇది 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు. పాయింటు మడమ అరిగితే సందు తగ్గి, పాయింట్లు ఆలస్యంగా విడివడతాయి; ఎవరూ ముట్టుకోకపోయినా జ్వలన సమయం వెనుకబడుతుంది. అందువల్ల సందు సరిచేయకుండా సమయం సరిచేస్తే, ఆ తరువాత సందు మార్చగానే సమయం మళ్ళీ తప్పుతుంది.

వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చినప్పుడు పాయింట్ల పళ్ళెం కదలకపోతే డయాఫ్రమ్ చిరిగి ఉండవచ్చు. రోటర్, మూత, కండెన్సర్, ప్లగ్ తీగలను కూడా పరీక్షించాలి. తీగల వరుస 1-3-4-2గా ఉండాలి.

సరిచేసే విధానం

# మొదటి సిలిండరును సంపీడన దశకు తేవాలి. అప్పుడు దాని రెండు వాల్వులూ మూసి ఉంటాయి, రోటర్ మొదటి తీగ వైపు చూస్తుంది. ఎగ్జాస్ట్ దశ చివర కూడా పిస్టన్ పైకే వస్తుంది కనుక పుల్లీ గుర్తును మాత్రమే నమ్మరాదు.
# పుల్లీ గుర్తును తయారీదారు పుస్తకంలో చెప్పిన డిగ్రీ వద్ద నిలపాలి.
# డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్నతీగ కొసకూ, ఇంజను లోహానికీ మధ్య 12 వోల్టుల బల్బు కలిపి ఇగ్నిషన్ తాళం వేయాలి.
# బిగింపు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పాలి. పాయింట్లు విడివడిన క్షణంలో బల్బు వెలుగుతుంది. అక్కడే బిగించాలి.

ఈ ఇంజనులో రోటర్ పైనుండి చూస్తే అపసవ్య దిశలో తిరుగుతుంది. కనుక డిస్ట్రిబ్యూటర్‌ను సవ్యదిశలో తిప్పితే రవ్వ ముందుకు జరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్ షాఫ్ట్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. దానిని 1 డిగ్రీ తిప్పితే జ్వలన సమయం 2 డిగ్రీలు మారుతుంది. అతి స్వల్పంగా తిప్పడం మంచిది.

తరువాత టైమింగ్ లైటుతో చూడవచ్చు. వాక్యూమ్ గొట్టం తీసి మూసివేయాలి. గుర్తు నిలకడ లేకుండా ఊగితే డిస్ట్రిబ్యూటర్ బుష్ లేదా టైమింగ్ చైను అరిగి ఉండవచ్చు. ఆ దోషం సర్దుబాటుతో పోదు.

మారిన పెట్రోలు

భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోయింది. 2025 నాటికి 20 శాతం ఇథనాల్ గల పెట్రోలు దేశమంతటా వాడుకలోకి వచ్చింది. ఇథనాల్ నాకింగ్‌ను తగ్గిస్తుంది. కానీ పాత జెట్లు గల కార్బ్యురేటర్‌లో మిశ్రమం పలచబడుతుంది. అప్పుడు ఇంజను తటపటాయించడాన్ని చూసి జ్వలన దోషమని పొరబడే అవకాశముంది. అందువల్ల పుస్తకంలోని అంకెను ఆరంభంగా తీసుకొని, కారు నడిపి చూసి నిర్ధారించుకోవాలి. ఈ పరీక్షను గుమ్మడిదల, పటాన్‌చెరు వంటి పారిశ్రామిక ప్రాంతాలలో లారీల రద్దీ గల రహదారులపై కాక, ఖాళీ దారిలో స్వల్ప ఎత్తు మీద టాప్ గేరులో చేయాలి. నాకింగ్ వినిపిస్తే రవ్వను కొద్దిగా ఆలస్యం చేయాలి.

జాగ్రత్తలు

ఇంజను తిరుగుతున్నప్పుడు ఫ్యాను, బెల్టు దగ్గర వదులు దుస్తులు ఉండరాదు. టైమింగ్ లైటు వెలుగులో తిరిగే ఫ్యాను నిలిచినట్లు కనిపించవచ్చు. ప్లగ్ తీగలలో వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. పరీక్ష ముగిశాక ఇగ్నిషన్ ఆపివేయాలి. లేనిచో మూసి ఉన్న పాయింట్ల గుండా విద్యుత్తు ప్రవహించి కాయిల్ కాలిపోవచ్చు.