వేలికొన మీది రక్తపు చుక్క



క్రిందటి శీతాకాలం మా ఆడపడుచు గారింటికి అరకు వెళ్ళాను. ఓ ఉదయం ఆవిడతో కలిసి పక్కనున్న గిరిజన గ్రామానికి వెళితే, ఆశా కార్యకర్త ఒక పిల్లవాడి వేలు గుచ్చి మలేరియా పరీక్షకు రక్తపు చుక్క తీస్తోంది. తల్లి వాడి చెయ్యి తనే ముందుకు చాపింది. ఆ కొండల్లో జ్వరమంటే ముందు రక్తపరీక్షే. అందులో సిగ్గుపడేదేముంది?

విశాఖ తిరిగొచ్చాక మా వీధిలో నెల తప్పిన అమ్మాయి ఒకర్తె, "హెచ్.ఐ.వి. పరీక్ష కూడా రాశారు పిన్నిగారూ! మాకెందుకండీ అది? మేం సంసారులం కదా!" అంది.

రెండూ రక్తపు చుక్కలే కదా! ఒకదానికి లేని సిగ్గు రెండోదానికి ఎందుకొచ్చింది? ఇద్దరు మద్రాసు డాక్టరమ్మల కథ వింటే మీకే తెలుస్తుంది.

ఎయిడ్స్‌కు కారణమైన వైరస్‌ను 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కనుగొన్నారు. కనుగొన్న వారిలో ఫ్రాన్స్వాజ్ బారే సినూసీ అనే స్త్రీ ఉన్నారు. 2008లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో మాత్రం ఆ రోజుల్లో, "అది పాశ్చాత్యుల జబ్బు, మన సంప్రదాయమే మనకు రక్ష" అని చాలామంది నిశ్చింతగా ఉండేవారు.

అలా ఊరుకోనివారు డాక్టర్ సునీతి సోలమన్. పుట్టింటివారు మద్రాసులో స్థిరపడ్డ మహారాష్ట్రులు. విదేశాల్లో ఉండి 1973లో భర్తతో తిరిగి వచ్చి, మద్రాసు మెడికల్ కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం బోధించేవారు. తన విద్యార్థిని డాక్టర్ నిర్మలకు పరిశోధనాంశంగా ఎయిడ్స్‌ను సూచించారు. నిర్మల జంకారు. అప్పటికి బొంబాయి, పూనా పరీక్షల్లో ఏమీ తేలలేదు. భర్త ధైర్యం చెప్పి ఒప్పించారు. మైలాపూరులోని రిమాండు హోముకు స్కూటరు మీద దింపేవారు కూడాను!

పోలీసులు పట్టి తెచ్చిన స్త్రీల దగ్గర నిర్మల రక్తం సేకరించారు. చేతులకు తొడుగులైనా లేవు. నమూనాలు భద్రపరచడానికి చోటెక్కడ? ఇంట్లో ఫ్రిజ్‌లోనే! మనం పాలూ పెరుగూ పెట్టుకునే ఫ్రిజ్‌లో దేశ చరిత్ర దాగి ఉందంటే నమ్ముతారా?

1986 ఫిబ్రవరిలో భార్యాభర్తలిద్దరూ ఐసు పెట్టెతో రాత్రి రైలెక్కి కాట్పాడి చేరి, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వెళ్ళారు. పరీక్ష మధ్యలో కరెంటు పోయింది. అందరూ టీ తాగి వచ్చి చూస్తే ఆరు నమూనాలు పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి! ఆ ఆరుగురి రక్తం మళ్ళీ తీసి అమెరికాకు పంపితే అక్కడా అదే తేలింది. మన దేశంలో హెచ్.ఐ.వి. ఉందని అలా బయటపడింది.

నింద ఎవరి మీద పడింది? ఆ ఆడవాళ్ళ మీదే. వాళ్ళకు అంటించిన మగవాళ్ళ ఊసెత్తినవారు తక్కువ.

సునీతిగారు అక్కడితో ఆగలేదు. 1993లో తండ్రి పేర వై.ఆర్.జి. కేర్ అనే సంస్థ స్థాపించి, రోగులను ముట్టుకోవడానికే జనం జంకే రోజుల్లో వాళ్ళను తాకి, పలకరించి వైద్యం చేశారు. అక్కడికి వచ్చిన స్త్రీలను గురించి పరిశీలన చేస్తే ఏం తేలిందో తెలుసా? వారిలో ఎక్కువమంది మనలాంటి గృహిణులే. భర్తను తప్ప మరొకరిని ఎరుగనివారు. "మేం సంసారులం" అన్న మాట ఏ వైరస్‌కూ అడ్డుగోడ కాదని దానితో రుజువైంది. ఒంటరిగా మిగిలిన రోగులకు పెద్దమ్మలా సంబంధాలు కుదిర్చి పెళ్ళిళ్ళు కూడా చేయించారావిడ. 2015లో కన్నుమూశారు. 2017లో పద్మశ్రీ ప్రకటించారు.

ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్ర ఒకటి. అయితే భయపడి చేసేదేమీ లేదు. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. క్రమం తప్పక వాడితే నిండు జీవితం గడపవచ్చు. గర్భిణికి ముందే తెలిస్తే బిడ్డకు సోకకుండా చాలావరకు కాపాడవచ్చు. తెలియకపోతేనే ప్రమాదం.

ఇదంతా చెప్పి ఆ అమ్మాయిని ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. ఫలితం ఏమొచ్చిందంటారా? అది ఆమె సొంత విషయమండీ. 2017లో వచ్చిన చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. అరకు తల్లి బిడ్డ చేతిని చాపినంత సహజంగా మనమూ చెయ్యి చాపుదాం. అంతే నేను కోరేది.

సెలవు.