హాయిగా నిద్రపోయానని ఎవరు చూశారు?

యోగసూత్రాలు రాసిన పతంజలి లెక్కలో నిద్రపోవడం కూడా మనసు చేసే పనే. చిత్తవృత్తులు ఐదని చెబుతూ ప్రమాణం, విపర్యయం, వికల్పం, స్మృతి వరసలోనే నిద్రనూ కూర్చోబెట్టాడు. తెలుసుకోవడం, పొరబడటం, గుర్తుచేసుకోవడం మనసు పనులంటే సరే. ఒళ్లెరగకుండా పడుకోవడం పనెలా అవుతుంది?

ఆ సూత్రాలకు వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం మన అనుభవాన్నే సాక్ష్యానికి పిలుస్తుంది. పొద్దున లేచి ఒకరు హాయిగా పడుకున్నానంటారు, ఇంకొకరు కలతనిద్ర అంటారు, మరొకరు మొద్దునిద్రపోయి ఒళ్లంతా బరువుగా ఉందంటారు. అనుభవించనిది గుర్తెలా ఉంటుంది? కాబట్టి నిద్రలోనూ చిత్తానికి ఏదో తెలుస్తూనే ఉంది. అందుకే సమాధి కోరేవాడు మిగతా వృత్తుల్లాగే దీన్నీ నిరోధించాలని భాష్యకారుడి తీర్పు.

ఈ ప్రశ్న ఇంకా పాతది. బృహదారణ్యక ఉపనిషత్తులో గార్గ్య బాలాకి అనే గర్విష్ఠి పండితుడు కాశీరాజు అజాతశత్రువు దగ్గరికి వెళ్లి బ్రహ్మాన్ని బోధిస్తానంటాడు. ఆ మాటకే వెయ్యి ఆవులిస్తానంటాడు రాజు. బాలాకి సూర్యుడిలో పురుషుణ్ణి చూపిస్తాడు, చంద్రుడిలో, మెరుపులో, అద్దంలో, చివరికి నీడలో కూడా. ప్రతిదాన్నీ రాజు తోసిపుచ్చుతుంటే పండితుడు మూగబోయి, శిష్యుడిగా చేర్చుకోమంటాడు. బ్రాహ్మణుడు క్షత్రియుణ్ణి ఆశ్రయించడం తలకిందుల వ్యవహారమే అంటూనే రాజు అతని చేయి పట్టుకుని, నిద్రపోతున్న ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్తాడు. గొప్ప గొప్ప పేర్లతో పిలుస్తాడు. లేవడు. చేత్తో తట్టితే లేస్తాడు. ఇంతసేపూ ఇతను ఎక్కడున్నాడు, ఎక్కణ్ణుంచి వచ్చాడు? బాలాకికి తెలియదు. హృదయం నుంచి బయల్దేరే 72,000 హితా నాడుల గుండా వెళ్లి పడుకుంటాడని రాజు చెప్పిన జవాబు కంటే, పడుకున్నవాణ్ణి తట్టి లేపి ప్రశ్న వేసిన ఆ పద్ధతే నాకు ముచ్చటేస్తుంది. మనోవిజ్ఞానంలో ప్రయోగం అనదగ్గ ఇంత పాత కథ నాకింకోటి తారసపడలేదు.

ఛాందోగ్యంలో ఇంద్రుడు ఇంకా పెంకివాడు. గాఢనిద్రే ఆత్మస్థితి అని ప్రజాపతి చెబితే, అందులో నేనున్నానని నాకే తెలియదు, అది నాశనంతో సమానం కదా అని తిరిగొచ్చాడు. అసలు జవాబు కోసం మొత్తం 101 ఏళ్లు శిష్యరికం చేశాడు.

తర్వాత శతాబ్దాల తరబడి నైయాయికులకూ అద్వైతులకూ ఇదే పేచీ. గాఢనిద్రలో జ్ఞానమే లేదు, హాయి అన్నది లేచాక చేసే ఊహ అని నైయాయికులు. సాక్షి చూసింది, అది జ్ఞాపకమే అని అద్వైతులు. ఇక 1953లో షికాగోలో శాస్త్రవేత్తలు అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్ల వేగకదలికలను ప్రకటించారు. అది కలలకు సంబంధించిన సంగతి. దాన్ని చూపించి మనవాళ్లు ముందే కనిపెట్టారని జబ్బలు చరుచుకోవడం నాకు నచ్చదు. మనవాళ్లు చేసింది వాదన. పోగొట్టుకున్నదీ దాన్నే. యోగమంటే చాపా ఆసనమే అయిపోయింది. 195 సూత్రాల్లో (కొన్ని ప్రతుల్లో 196) పతంజలి ఆసనానికి కేటాయించినవి మూడే.

వ్యాసభాష్యంతో ఉన్న ప్రతి చేతికందితే, ముందుగా సమాధిపాదం పదో సూత్రం తెరవండి.