కానుక పేరుతో మొదలైన గుడి

బెంగళూరులో ఎక్కడైనా పాత చర్చి కనిపిస్తే చాలు, "ఇది బ్రిటిష్ వాళ్ళు కట్టింది" అనేస్తాం. కొన్ని చర్చిల విషయంలో అది నిజమే. కానీ శివాజీనగర్‌లో రసెల్ మార్కెట్ దగ్గర ఉన్న సెయింట్ మేరీస్ బసిలికాకు ఆ మాట సరిపోదు. అది బ్రిటిష్ కాలంలో కట్టిన గుడే గాని, బ్రిటిష్ వాళ్ళు కట్టిన గుడి కాదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

మన వైట్‌ఫీల్డ్ నుంచి శివాజీనగర్ ఇరవై కిలోమీటర్ల లోపే. అయినా మనలో చాలామంది ఆ గుడిని బస్సులోంచి చూసినవాళ్ళమే గాని, దాని కథ తెలిసినవాళ్ళం కాదు. ఆ కథలో మన తెలుగు నేల కూడా ఉంది.

పుంగనూరు నుంచి మొదలు

1700 ప్రాంతంలో పాండిచ్చేరిలో ఉన్న ఫ్రెంచి జెసూట్ గురువులు 'కర్నాటక మిషన్' అనే పని మొదలుపెట్టారు. పేరు చూసి ఇప్పటి కర్ణాటక రాష్ట్రం అనుకోకూడదు. ఆ రోజుల్లో యూరప్ వాళ్ళు కర్నాటక అన్న మాటను పాండిచ్చేరికి పైనున్న తెలుగు, తమిళ ప్రాంతాలకు కూడా వాడేవాళ్ళు. ఈ మిషన్ వాళ్ళు ముందుగా వచ్చిన ఊళ్ళలో పుంగనూరు ఒకటి. మనం కోలారు, ముళబాగిలు దాటి వెళ్తే వచ్చే చిత్తూరు వైపు ఊరు అది. ఆ గురువులు సన్యాసుల్లాగా కాషాయ బట్టలు కట్టుకుని, మాంసం మానేసి, తెలుగు నేర్చుకుని జనంతో మాట్లాడేవాళ్ళు.

వాళ్ళలో గాస్టన్ కూర్దూ అనే ఆయన తెలుగు బాగా నేర్చుకుని, తెలుగు ఫ్రెంచి నిఘంటువు తయారు చేశాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాసి పంపినది కూడా ఆయనే. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పి పేరు తెచ్చుకున్నది 1786లో. అంటే కూర్దూ దాదాపు ఇరవై ఏళ్ళు ముందున్నాడు.

1773లో పోపు జెసూట్ సభను రద్దు చేశాడు. దాంతో 1776లో వాళ్ళ పనిని 'పారిస్ విదేశీ మిషన్' అనే వేరే సంఘం తీసుకుంది. మన కథలోకి వచ్చే డ్యుబ్వా స్వామి ఈ సంఘం మనిషే.

గడ్డి కప్పు గుడి

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు సుల్తాన్ యుద్ధంలో చనిపోయాడు. ఆ తర్వాత మైసూరు సీమలో చెదిరిపోయి ఉన్న క్యాథలిక్కులను చూసుకోవడానికి జాన్ ఆంత్వాన్ డ్యుబ్వా అనే ఫ్రెంచి గురువు వచ్చాడు. ఆయన కూడా మన దేశపు బట్టలే కట్టుకునేవాడు, మన తిండే తినేవాడు. మశూచికి టీకాలు అప్పుడప్పుడే వస్తున్న కాలంలో మైసూరు సీమలో వేలమందికి టీకాలు వేయించాడు. హిందువుల ఆచారాల మీద ఆయన రాసిన పెద్ద పుస్తకాన్ని ఈస్టిండియా కంపెనీ కొనుక్కుంది. 1816లో అది ఇంగ్లీషులో అచ్చయింది.

ఇప్పటి శివాజీనగర్‌ను అప్పుడు బ్లాక్‌పల్లి అనేవాళ్ళు. అక్కడ తెల్ల బియ్యం పండేవి గనుక 'బిళి అక్కి పల్లి' అనేవారనీ, ఆ మాటే నోళ్ళలో నలిగి బ్లాక్‌పల్లి అయిందనీ ఒక కథ చెబుతారు. ఆ పల్లెలో డ్యుబ్వా స్వామి గడ్డి కప్పుతో ఒక చిన్న ప్రార్థన గుడి కట్టించాడు. దానికి జనం పెట్టుకున్న పేరు తమిళంలో 'కాణిక్కై మాదా కోవిల్'.

ఈ పేరు దగ్గర మనం కాసేపు ఆగాలి. తమిళంలో కాణిక్కై, కన్నడలో కాణికె, తెలుగులో కానుక. మూడూ ఒకే మాట. మరియమ్మను చిన్న పిల్లగా ఉన్నప్పుడే తల్లిదండ్రులు ఆలయానికి తీసుకెళ్ళి దేవుడికి సమర్పించారని క్రైస్తవుల్లో ఒక పాత నమ్మకం ఉంది. అందుకే 'కానుక మాత' అన్న పేరు వచ్చింది. కానీ నాకు ఇంకో అర్థం కూడా కనిపిస్తుంది. ఆ గుడి కూడా జనం ఇచ్చిన కానుకే.

ఎవరా జనం?

1809 నాటికి బ్రిటిష్ సైన్యం శ్రీరంగపట్నం నుంచి బెంగళూరుకు మారింది. శ్రీరంగపట్నంలో మలేరియా జ్వరాలు ఎక్కువని ఇక్కడ కంటోన్మెంట్ కట్టారు. సైన్యం అంటే తెల్ల దొరలు మాత్రమే కాదు కదా! సిపాయిలు, వంటవాళ్ళు, గుర్రాలు చూసేవాళ్ళు, చాకళ్ళు, తాపీ మేస్త్రీలు, కూలీలు, చిన్న చిన్న అంగళ్ళవాళ్ళు అందరూ దాని వెనకే వచ్చారు. ఎక్కువమంది తమిళులు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళూ ఉండేవాళ్ళు. ఇలా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళలో ఉన్న క్యాథలిక్కులకు ఈ గడ్డి గుడే దిక్కయింది.

దొరల గుడి వేరే ఉంది. కంటోన్మెంట్ సైన్యం కోసం 1808లో పునాది వేసిన సెయింట్ మార్క్స్ చర్చి అది. ఇప్పటి ఎం.జి. రోడ్డు పక్కన ఉంది. పాలకులు ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, బ్లాక్‌పల్లి గుడివాళ్ళు క్యాథలిక్కులు. పైగా అక్కడి గురువులు ఫ్రెంచివాళ్ళు. ఆ రోజుల్లో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం జరుగుతోంది! కాబట్టి ఈ గుడి పాలకుల ముద్దుబిడ్డ అయ్యే అవకాశం లేదు.

1813లో పాండిచ్చేరి నుంచి వచ్చిన ఆండ్రియాస్ అనే భారతీయ గురువు ఈ గుడిని పెంచి, సిలువ ఆకారంలో చర్చిగా కట్టించాడు. భారతీయ గురువు అన్న మాట గమనించండి. దీని గురించి మళ్ళీ చెబుతాను.

డ్యుబ్వా స్వామి 1823లో ఫ్రాన్సుకు వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అదే ఏడాది ఆయన లేఖలు లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. ఈ దేశంలో క్రైస్తవానికి ముందు ముందు పెద్దగా ఆశ లేదని వాటిలో రాశాడు. ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషే నిరాశతో వెళ్ళిపోయాడన్నమాట. మరి ఆయన వేసిన గడ్డి గుడి ఎలా నిలిచింది? జనం వదల్లేదు కాబట్టి నిలిచింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

1832లో బెంగళూరులో జరిగిన అల్లర్లలో ఈ చర్చి కూలిపోయింది. కాపలాకు సైనికులను పెట్టాల్సి వచ్చింది. మళ్ళీ లేచి నిలబడింది.

ధాత కరువులో లేచిన గోడలు

ఇప్పుడు మనం చూసే ఎత్తైన గుడి మూడో దశ. క్లైనర్ అనే ఫ్రెంచి విచారణ గురువు 1875లో పని మొదలుపెట్టించాడు. ఆయనే తర్వాత మైసూరు పీఠాధిపతి అయ్యాడు. మొనదేలిన కమానులు, ఆకాశంలోకి పోయే గోపురం, రంగు అద్దాల కిటికీలు ఉన్న ఈ పద్ధతిని గోథిక్ శైలి అంటారు. 1882 సెప్టెంబర్ 8న, మరియమాత పుట్టిన రోజు పండగనాడు, ఆ కొత్త గుడిని ప్రతిష్ఠించారు.

ఈ తేదీల మధ్యలో ఒక భయంకరమైన విషయం ఉంది. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశమంతా పెద్ద కరువు. మన తెలుగువాళ్ళు దాన్ని 'ధాత కరువు' అంటారు. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనుక ఆ పేరు. మైసూరు సీమలో సుమారు యాభై లక్షల జనాభా ఉంటే పది లక్షలమంది దాకా చనిపోయారు. ప్రతి ఐదుగురిలో ఒకరు! ఈ గోడలు లేచింది ఆ రోజుల్లోనే. రాళ్ళు మోసినవాళ్ళు, సున్నం కలిపినవాళ్ళు, ఉన్నదాంట్లో కొంచెం కానుక వేసినవాళ్ళు ఏం తిని పని చేశారో ఊహించుకోవాల్సిందే. చరిత్ర పుస్తకాల్లో డ్యుబ్వా పేరుంది, క్లైనర్ పేరుంది. మేస్త్రీ పేరు మాత్రం మనకు చెప్పరు.

1882తో మనకు ఇంకో చుట్టరికం ఉంది. మన వైట్‌ఫీల్డ్ పుట్టింది కూడా ఆ ఏడాదే. మైసూరు మహారాజు పదవ చామరాజేంద్ర ఒడెయరు ఆంగ్లో ఇండియన్ల సంఘానికి 3900 ఎకరాలు ఇచ్చాడు. సంఘం నాయకుడు డి.ఎస్. వైట్ పేరు మీదే వైట్‌ఫీల్డ్ అయింది. అంటే మన ఊరికీ ఆ గుడి కట్టడానికీ ఒకటే వయసు. అయితే వైట్‌ఫీల్డ్ రాజు ఇచ్చిన భూమి మీద మొదలైంది. ఆ గుడి గడ్డి కప్పు కింద మొదలైంది.

ప్లేగు వచ్చినప్పుడు

1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. ఇరుకు వీధుల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ఊరు విడిచి డేరాల్లో ఉన్నారు. గాలి వెలుతురు ఉండే కొత్త పేటలు కావాలనే మల్లేశ్వరం, బసవనగుడి వేశారు. ఊళ్ళో ప్లేగు మారమ్మ గుళ్ళు కూడా ఆ కాలంలో వెలిశాయి. బ్లాక్‌పల్లి జనం మరియమాత దగ్గరికి పరిగెత్తారు. ఒక వీధిలో మారమ్మ, ఇంకో వీధిలో మరియమ్మ. భయం ఒకటే, మొక్కు ఒకటే. క్రైస్తవులు కానివాళ్ళు కూడా ఈ గుడికి వచ్చి మొక్కుకోవడం ఇప్పటికీ ఉంది. మాతకు చీర కట్టడం, కొవ్వొత్తి వెలిగించడం, కాషాయ బట్టలు కట్టుకుని దీక్షగా రావడం, ఇవన్నీ ఫ్రాన్సు నుంచి వచ్చినవి కావు, మన నేలవి.

ప్రతి ఏడూ ఆగస్టు 29న జెండా ఎక్కిస్తారు. నవదిన ప్రార్థనలు జరిగి సెప్టెంబర్ 8న తేరు బయలుదేరుతుంది. 1973లో ఆరవ పాల్ పోపు దీనికి బసిలికా హోదా ఇచ్చాడు. కర్ణాటకలో ఆ గౌరవం పొందిన మొదటి చర్చి ఇదే.

ఫిలిప్పీన్స్‌తో పోల్చి చూస్తే

ఆసియాలో క్యాథలిక్కులు చాలా ఎక్కువగా ఉన్న దేశం ఫిలిప్పీన్స్. అక్కడ స్పెయిన్ వాళ్ళు మూడు వందల ఏళ్ళకు పైగా పాలించారు. మనీలాలోని సాన్ అగస్తీన్ రాతి చర్చి 1607లో పూర్తయింది. అక్కడ పాలకుల మతమూ గుడి మతమూ ఒకటే. గుళ్ళు కట్టడానికి ఊరివాళ్ళ చేత వెట్టి చేయించిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఊరి గురువు స్పెయిన్ వాడై ఉండేవాడు, ఊరి మీద అధికారం కూడా ఆయనదే.

మా విచారణలు మా గురువులకే ఇవ్వాలని అక్కడి దేశీయ గురువులు అడిగారు. తిరుగుబాటు నేరం మోపి, 1872 ఫిబ్రవరి 17న గోమెజ్, బుర్గోస్, జమోరా అనే ముగ్గురు గురువులను మనీలాలో చంపేశారు. ఆ సంఘటన ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్య పోరాటానికి ఒక నిప్పురవ్వ అయింది.

ఇప్పుడు 1813లో మన బ్లాక్‌పల్లి చర్చి కట్టించిన ఆండ్రియాస్ గురువును తలచుకోండి. మనీలాలో ప్రాణం పోయేంత పెద్ద విషయం ఇక్కడ దాదాపు అరవై ఏళ్ళ ముందే మామూలుగా జరిగింది. అలాగని ఇక్కడ అంతా సమానంగా ఉండేదని కాదు. పీఠాధిపతులుగా చాలాకాలం ఫ్రెంచివాళ్ళే ఉన్నారు. కానీ ఈ గుడి రాజు అధికారంతో నిలబడలేదు. అందుకే రాజ్యాలు పోయినా అది పోలేదు.

గుడి ఎవరిది?

ఇప్పుడు బసిలికాలో తమిళం, కన్నడం, ఇంగ్లీషులో పూజలు జరుగుతాయి. పండగ రోజు జనంలో నిలబడితే తెలుగు కూడా చెవిన పడుతుంది. ఒక్క గుడిలో ఇన్ని భాషలు ఎందుకంటే, బెంగళూరే అలా తయారైంది. బతకడానికి వచ్చినవాళ్ళు తమ భాషను మూటలో కట్టుకుని తెచ్చుకున్నారు.

తెలుగు మీడియంలో చదువుతున్నామంటే బెంగళూరులో కొందరు మనల్ని వింతగా చూస్తారు. "మీరు ఎక్కడివాళ్ళు?" అని అడుగుతారు. ఇక్కడే పుట్టినా అడుగుతారు. మతం వల్లగాని భాష వల్లగాని తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళు తమ బడులు పెట్టుకోవచ్చని మన రాజ్యాంగం 30వ అధికరణం చెబుతుంది. అది చట్టం ఇచ్చిన జవాబు. చరిత్ర ఇచ్చే జవాబు బ్లాక్‌పల్లిలో ఉంది. గడ్డి కప్పు వేసినవాళ్ళూ, కరువులో రాయి మోసినవాళ్ళూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళే. వాళ్ళను తీసేస్తే ఆ గుడి లేదు, ఈ ఊరూ లేదు.

కాబట్టి మిత్రులారా, ఈసారి శివాజీనగర్ వెళ్ళినప్పుడు గోపురం వైపు చూసి ఊరుకోకండి. గోడ కింది వరుస రాళ్ళు కూడా చూడండి. మీ ఇంట్లో తాతలు, అమ్మమ్మలు ఏ ఊరి నుంచి, ఏ పని మీద ఇక్కడికి వచ్చారో అడిగి ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. మేస్త్రీల పేర్లు అప్పుడు ఎవరూ రాయలేదు. మన పెద్దల పేర్లయినా మనం రాద్దాం.