ఊఁ కొట్టే చెయ్యి

శ్రీవారు పేపరు చదువుతూ ‘ఊఁ’ కొడితే మన మాట విన్నట్టేనా? రైలు డ్రైవర్ల సంగతీ అంతే!

1952లో లండన్ దగ్గర హారో స్టేషన్లో ఓ ఎక్స్‌ప్రెస్ ఎర్ర సిగ్నల్ దాటి, 112 మంది పోయారు. ఆ తర్వాత బ్రిటన్ రైళ్ళలో హెచ్చరిక పరికరాలు పెరిగాయి. దారి ఖాళీ అయితే గంట. పసుపుకీ ఎరుపుకీ ఒకటే బూర. డ్రైవరు మీట నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. నొక్కాడా, విన్నాడనుకుని యంత్రం ఊరుకుంటుంది. రోజంతా నొక్కే చేతికి అది ఉత్త ‘ఊఁ’ అయిపోదూ?

1999లో లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర కొత్త డ్రైవరొకడు మీట నొక్కి కూడా ఎరుపు దాటేశాడు. అతనితో కలిపి 31 మంది పోయారు. ఆ సిగ్నల్ సరిగా కనబడదన్న పేరు ముందునుంచీ ఉన్నదే!

2003 చివరికల్లా ముఖ్యమైన సిగ్నళ్ళ దగ్గర రెండో పరికరం అమర్చారు. ఎరుపు దాటితే అది ఎవరి ‘ఊఁ’ కోసమూ చూడదు, బ్రేకు వేసేస్తుంది. అలవాటుపడ్డ చేతికి అలాంటి తోడొకటి ఉండాలి మరి!