మా ఇంటి సేవల షోర్వా చరిత్ర

ఈసారి మ్యాగజైన్ కోసం మా సోషల్ సార్ "మీ ఇంటి చరిత్ర రాయండి" అన్నారు. మా ఇంట్లో రాజులు లేరు, పాత ఫొటోలు కూడా లేవు. ఏం రాయాలో తెలీక వంటింట్లో దాదీ దగ్గర కూర్చున్నాను. ఆవిడ పిండిని పల్చగా ఒత్తి కత్తితో సన్నగా సేవలు కోస్తోంది. పొయ్యి మీద కోడి ఉడుకుతోంది. "దీని గురించే రాస్తాను దాదీ" అన్నాను. "కోడికూరకి కూడా చరిత్ర ఉంటాదా బేటా?" అని నవ్వింది.

నూడుల్స్ అంటే రెండు నిమిషాల ప్యాకెట్టే అని నేను అనుకునేదాన్ని. ఆ ప్యాకెట్ మన దేశానికి వచ్చింది 1983లో. కానీ చైనాలోని లాజియా అనే చోట, బోర్లాపడిన మట్టి గిన్నె కింద సుమారు 4,000 ఏళ్ల నాటి నూడుల్స్ దొరికాయని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అవి గోధుమలతో కాదు, చిరుధాన్యాలతో చేసినవట. అంటే ఎవరి దగ్గర ఏ ధాన్యం ఉంటే దానితోనే చేసుకున్నారు.

మరి మా ఇంటికి గోధుమ ఎలా వచ్చింది? యానాం గౌతమి గోదావరి ఒడ్డున ఉంది. చుట్టూ వరిచేలే. దాదీ పుట్టింది 1954లో, యానాంలో ఫ్రెంచి పాలన పోయిన ఏడాది. ఆవిడ చిన్నప్పుడు వాళ్లింట్లో గోధుమపిండి కనిపించేది రంజాన్ పండక్కే, అదీ తీపి సేమియా కోసం.

1965లో, 1966లో వరసగా వానలు పడలేదు. దేశంలో తిండికి కటకట వచ్చింది. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు వారానికి ఒక పూట భోజనం మానమని ప్రజల్ని కోరారు. అమెరికా నుంచి ఓడల మీద గోధుమలు వచ్చాయి. 1966లో విదేశాల నుంచి వచ్చిన ధాన్యం దాదాపు కోటి టన్నులు.

ఇదంతా నేను పుస్తకంలో చదివాను. దాదీ అయితే ఇలా చెప్పింది: "బియ్యం దొరికేవి కాదు. రేషన్లో ఎర్ర గోధుమలు ఇచ్చేవోరు. రొట్టెలు చేయడం మాకు సరిగ్గా రాదు. ఇంట్లో పదకొండు మందిమి, ఎప్పుడైనా కోస్తే ఒకటే కోడి. అమ్మ ఆ కోడిని నిండా నీళ్లలో ఉడకబెట్టి, ఈ సేవలు అందులో వేసేది. అందరికీ కడుపు నిండేది."

అప్పుడు ఉప్పు, నీళ్లు తప్ప పిండిలో ఏమీ కలిపేవారు కాదట. ఇప్పుడు దాదీ అరకిలో పిండికి రెండు గుడ్లు కొడుతుంది. గట్టిగా పిసికి, తడిగుడ్డ కప్పి గంటసేపు ఉంచుతుంది. పల్చగా ఒత్తి, పొడిపిండి చల్లి, మడతపెట్టి కోస్తుంది. కోసినవి గుడ్డ మీద ఆరబెడుతుంది. నాటుకోడిని అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ, మిరియాలు వేసి ఎముక నుంచి మాంసం ఊడేదాకా ఉడికించాక సేవలు వేస్తుంది.

ఈ మధ్య దాదీ చేతులు వణుకుతున్నాయి. అందుకే పోయిన ఆదివారం నేనే చేశాను. పొడిపిండి చల్లడం మర్చిపోయి మడతపెట్టేశాను. అన్నీ అంటుకుని ముద్దయిపోయాయి. దాదీ తిట్టలేదు. "మళ్లీ ఒత్తు" అంది. రెండోసారి వచ్చాయి. కొంచెం లావుగా వచ్చాయి, అయినా సేవలే!

తినేటప్పుడు దాదీ గిన్నెలో కాలుముక్క వేశాను. ఆవిడ దాన్ని తీసి తమ్ముడి గిన్నెలో వేసేసింది. ఎప్పుడూ అంతే, నేను ఇన్నేళ్లూ ఆవిడకి ముక్కలు ఇష్టం లేదనుకున్నాను. "ఇష్టం లేకేం? మా అమ్మ కూడా షోర్వాయే తాగేది. అలవాటు బేటా" అంది.

కరువు గురించి మా పాఠంలో అంకెలు ఉన్నాయి. ఆ కరువు మా ఇంట్లో ఇప్పటికీ దాదీ గిన్నెలో ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మీరు కూడా మీ ఇంట్లో పెద్దవాళ్లని వాళ్లు చిన్నప్పుడు ఏం తిన్నారో, ఏం తినలేదో ఒకసారి అడగండి.

నేను తమ్ముడికి ఇంకో ముక్క వేసి, ఆ కాలుముక్క మళ్లీ దాదీ గిన్నెలో వేశాను. ఈసారి తినేదాకా పక్కనే కూర్చున్నాను.